దక్షిణ ఒడిశా గెడ్డల్లోని సూక్ష్మ క్యాడిస్ పురుగు: కొత్త జాతిగా వర్ణించడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలను కొత్త జాతులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే చాలామంది పడమటి కనుమల పేరో అరుణాచల్ ప్రదేశ్ పేరో చెబుతారు. ఊరి పక్కన పారే గెడ్డ పేరు చెప్పేవారు అరుదు. మహేంద్రగిరి నుంచి దిగే గెడ్డల్లో, వంశధార, నాగావళి ఉపనదుల్లో పురుగులకు కరవు లేదు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని ప్రాణిని మైక్రోస్కోపు కింద పెట్టుకుని పూటంతా కూర్చోగలిగే ఓపికకే కరవు. ఈ వ్యాసం ఆ ఓపిక ఉన్న విద్యార్థులకు, అధ్యాపకులకు, ప్రకృతి పరిశీలకులకు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. గెడ్డ ఒడ్డున ఎవరూ కొత్త జాతిని కనుక్కోరు. అక్కడ దొరికేది పురుగు మాత్రమే. అది కొత్తదని తేలేది పాత జాతుల బొమ్మలు ముందు పరుచుకుని బల్ల దగ్గర కూర్చున్నప్పుడే. ఆ తేల్చిన విషయాన్ని, రేపు ఎవరైనా మీరు పొరబడ్డారని నిరూపించదలిస్తే నిరూపించగలిగేంత విప్పి చెప్పాలి. జాతి వర్ణన అంటే అదే. కింద చెప్పే ప్రతి దశా ఆ అవసరంలోంచి పుట్టిందే.

పురుగు సంగతి

క్యాడిస్ పురుగులు ట్రైకాప్టెరా క్రమానికి చెందినవి. సీతాకోకచిలుకలకు, చిమ్మటలకు దగ్గరి బంధువులు. వాటికి రెక్కల మీద పొలుసులుంటే వీటికి వెంట్రుకలుంటాయి, చుట్ట చుట్టుకునే తొండం ఉండదు. డింభకాలు, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగులు, నీటిలో పెరుగుతాయి. ప్రపంచంలో ఇప్పటివరకు 16,000కు పైగా జాతులను వర్ణించారు. వాటిలో 2,000కు పైగా జాతులతో అతిపెద్ద కుటుంబం హైడ్రోప్టిలిడే. మన సూక్ష్మ క్యాడిస్‌లు ఇవే. వీటి రెక్కలు సన్నగా, కొన తేలి, అంచుల్లో పొడవైన వెంట్రుకల కుచ్చుతో ఉంటాయి. డింభకం మొదటి నాలుగు దశల్లో గూడు లేకుండానే తిరుగుతుంది. అయిదో దశకు వచ్చాక పట్టుదారంతో గూడు కట్టుకుంటుంది.

ఏది ఎక్కడ ఉంటుందో తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. హైడ్రోప్టిలా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటారు) డింభకాలు నాచు పట్టిన రాళ్ల మీద ఉండి నాచు కణాల్లోని రసాన్ని పీలుస్తాయి. ఆక్సీతైరా, ఆర్థోట్రైకియా ప్రజాతులను మొక్కలున్న నెమ్మది నీటిలో వెతకాలి. ఆక్సీతైరా గూడు పారదర్శకంగా, చిన్న కూజా ఆకారంలో ఉంటుంది. స్టాక్టోబియా కావాలంటే నీరు పలుచని పొరగా జారే రాతి ముఖాలకు వెళ్లాలి. వాగు మధ్యలో ఒక్కచోట దీపం పెట్టి ఊరుకుంటే ఈ చివరి రకాలు తప్పిపోతాయి.

కాగితాలు ముందు, దీపం తరువాత

అనుమతి లేని నమూనాతో మంచి పత్రిక ఏదీ వ్యాసం వేసుకోదు. గజపతి జిల్లాలోని లఖారీ లోయ లాంటి అభయారణ్యంలో సేకరించాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాష్ట్ర అటవీ శాఖ అనుమతి కావాలి. రిజర్వు అడవులకూ అటవీ శాఖ లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది కాబట్టి అక్కడ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి కూడా దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరి పెద్దలకు చెప్పడం ఏ చట్టంలో ఉన్నా లేకపోయినా తప్పనిసరి. చీకట్లో గెడ్డ పక్కన నీలం దీపం పెట్టుకుని కూర్చున్న కొత్త మనుషుల గురించి ఊరు ఏమనుకుంటుందో ఊహించుకోండి.

శుద్ధ ఆల్కహాల్ కొనుగోలు ఎక్సైజ్ నిబంధనల కిందికి వస్తుంది. కళాశాల ప్రయోగశాల ద్వారా తెప్పించుకోవడమే తేలిక. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో పని కానివ్వాలని చూడకండి, ఆ జిగురు రెక్కల వెంట్రుకలకు అతుక్కుని వదలదు.

దీపం పెట్టడం

వానలు తగ్గి గెడ్డ తేటపడ్డాక, అంటే అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. మళ్లీ ఫిబ్రవరి, మార్చి. అమావాస్య దగ్గరి రాత్రి, గాలి లేకుండా కాస్త ఉక్కపోతగా ఉంటే మరీ మంచిది. పన్నెండు వోల్టుల బ్యాటరీకి అతినీలలోహిత గొట్టపు దీపం తగిలించి, తెల్లటి పళ్లెం మీద అడ్డంగా పెట్టండి. పళ్లెంలో వేలి మందాన ఎనభై శాతం ఆల్కహాల్ పోయాలి. సూర్యుడు గుంకిన వెంటనే వెలిగించాలి. ఎక్కువ జాతులు మొదటి రెండు గంటల్లోనే వస్తాయి, తెల్లవార్లూ ఉంచితే దోమలు, చిమ్మటలు నిండి మీకు కావలసినవి వాటి కింద నలిగిపోతాయి.

పగలు కూడా ఖాళీగా ఉండనక్కరలేదు. ఒడ్డున నీటిపైకి వంగిన కొమ్మలను సన్నని వలతో దులిపితే అక్కడ విశ్రాంతి తీసుకునే పురుగులు పడతాయి. డింభకాలను, గూళ్లను విడిగా తీసి పెట్టుకోండి. డీఎన్ఏ పరీక్ష ఉద్దేశం ఉంటే కొన్ని మగ పురుగులను వేరే సీసాలో తొంభై అయిదు శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచాలి.

ఈ కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మలేరియా ఉంది. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ మబ్బు లేకుండానే గెడ్డ పొంగుతుంది. స్థానికులు ఒకరు తోడు లేకుండా రాత్రి పని పెట్టుకోవద్దు. పడుకునేది దోమతెరలోనే.

చీటీ

నమూనా పాడైనా చీటీ బతికితే కొంత విషయం మిగులుతుంది. చీటీ పోయిన నమూనా ఎంత అందంగా ఉన్నా దేనికీ పనికిరాదు. మందపాటి కాగితం మీద పెన్సిలుతో గానీ ఆల్కహాల్‌కు కరగని సిరాతో గానీ రాసి సీసా లోపలే వేయాలి. బాల్ పెన్ను రాత ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. సీసా బయట అంటించిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది.

అందులో ఉండవలసినవి: దేశం, రాష్ట్రం, జిల్లా, గెడ్డ పేరు, దగ్గరి గ్రామం, జీపీఎస్ చూపిన అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు. చివరి చీటీ ఆంగ్లంలోనే ఉండాలి, చదివేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో కాబట్టి. ఊరి పేరును సర్వే పటంలో ఉన్న అక్షరక్రమంలో రాయండి. పర్లాకిమిడి ఒక్కదానికే ఎన్ని స్పెల్లింగులున్నాయో మీకు తెలుసు. చిన్న గెడ్డలకు పటాల్లో పేరే ఉండదు, సవర గూడేల్లో మాత్రం ఉంటుంది. అడిగి రాసుకోండి. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లకు ఈ మాత్రం అడగడం కష్టం కాకూడదు.

సరిహద్దు విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. మహేంద్రతనయ గజపతి జిల్లాలో పుట్టి శ్రీకాకుళం జిల్లా మీదుగా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక మలుపులో ఒడిశాలో ఉన్నవారు మరో మలుపులో ఆంధ్రప్రదేశ్‌లో ఉంటారు. ఏ రాష్ట్రమో జీపీఎస్ చూసి నిర్ధారించుకోండి. అనుమతి కూడా ఆ రాష్ట్రానిదే కావాలి.

ఏరడం

పళ్లెంలోని సరుకును కొద్దికొద్దిగా గాజు గిన్నెలో పోసి, పది నుంచి నలభై రెట్లు పెద్దది చేసి చూపే స్టీరియో మైక్రోస్కోపు కింద ఏరాలి. వెంట్రుకల నుసిలా కనిపించేవే మనకు కావలసినవి. ఆడ పురుగు ఉదరం కొన క్రమంగా సన్నబడుతుంది. మగ పురుగు కొన దగ్గర రకరకాల పలకలు, కొక్కేలు పొడుచుకువచ్చి ఉంటాయి. ఈ కుటుంబంలో జాతుల గుర్తింపు చాలామటుకు మగ జననాంగాల మీదే ఆధారపడుతుంది. ఆడ పురుగులను పారేయవద్దు, అదే చీటీతో వేరే సీసాలో ఉంచండి.

ఉదరాన్ని తేటపరచడం

చేతికి అసలు పని తగిలేది ఇక్కడే, తొందరపడితే నష్టం జరిగేదీ ఇక్కడే. చిన్న గాజు గిన్నెలో పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం తీసుకోండి. అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. రెండు సన్నమొన పట్టకార్లు తీసుకుని, ఒకదానితో వక్షాన్ని కదలకుండా పట్టి, రెండోదానితో ఉదరాన్ని మొదలు దగ్గర విడదీయాలి. జననాంగాలను ఎట్టి పరిస్థితిలోనూ పట్టకారుతో తాకకూడదు. విడిన ఉదరం నూకగింజలో సగం ఉంటుంది, ద్రావణంలో అడుగుకు దిగి కూర్చుంటుంది. వక్షం, తల, రెక్కలు ఆల్కహాల్ సీసాలోకే తిరిగి వెళ్లాలి.

ద్రావణాన్ని వేడిచేస్తే పని త్వరగా అవుతుందన్నది నిజమే. ఇంత చిన్న పురుగుకు మాత్రం గది ఉష్ణోగ్రతలో రాత్రంతా వదిలేయడమే నా సలహా. కండరాలు కరిగి చర్మపు గూడు మాత్రమే మిగలాలి. అతిగా నానితే ఆ గూడు కూడా రంగు పోయి మెత్తబడి, అంచులు కనిపించవు. పొద్దున్న దాన్ని నీటిలోకి మార్చి, సన్నని సూది పక్కభాగంతో మెల్లగా ఒత్తితే లోపలి మడ్డి మొదలు వైపు నుంచి బయటికి వస్తుంది. ఒక చుక్క పలుచని ఎసిటిక్ ఆమ్లం వేస్తే మిగిలిన క్షారం పోతుంది. తరువాత గ్లిజరిన్.

గుంట ఉన్న గాజు పలక మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టి, వంద నుంచి నాలుగు వందల రెట్లలో చూడండి. తొమ్మిదో ఖండం ఉంగరంలా కనిపిస్తుంది. దాని పైన పదో ఖండం పలుచని పలకగా, కింద జతగా ఉండే నిమ్న ఉపాంగాలు, మధ్యలో సన్నని పురుషాంగం. హైడ్రోప్టిలాలో చాలా జాతులకు పురుషాంగం చుట్టూ సన్నని తీగ లాంటి భాగం మెలిక తిరిగి ఉంటుంది. ఏడో ఖండం కింది భాగంలో మొనదేలిన పొడుపు ఉందేమో చూడండి, ఉంటే దాని పొడవు రాసుకోండి. ఉదరాన్ని సూదితో దొర్లిస్తూ పక్క నుంచి, పై నుంచి, కింది నుంచి మూడు వైపులా చూడాలి. ఒకే వైపు నుంచి చూసి ఆకారం గురించి తీర్పు చెప్పడం ఈ రంగంలో సర్వసాధారణమైన తప్పు.

పని అయ్యాక ఉదరాన్ని గ్లిజరిన్ నిండిన చిట్టి సీసాలో వేసి, అదే పురుగు మిగతా శరీరంతో జతచేసి ఉంచాలి. కెనడా బాల్సంలో శాశ్వతంగా అతికించడం పాత పద్ధతి, ఇప్పుడు వద్దు. అతికించినది మళ్లీ తిరగదు.

ఏ ప్రజాతి?

కాళ్ల మీది ముళ్లను లెక్కించండి. ముందు, నడిమి, వెనక కాళ్ల జంఘికల (మోకాలి కింది పొడవైన ఖండాల) మీది ముళ్ల సంఖ్యలను వరుసగా రాస్తారు. హైడ్రోప్టిలాకు 0, 2, 4. ఆర్థోట్రైకియా, ఆక్సీతైరాలకు 0, 3, 4. స్టాక్టోబియాకు 1, 2, 4. మగ హైడ్రోప్టిలా తల వెనక మూతల్లాంటి రెండు భాగాలుంటాయి, వాటి కింద వాసన వెదజల్లే అవయవాలు దాగి ఉంటాయి. ఇలా ఒక్కో లక్షణమూ చూసుకుంటూ ప్రజాతుల తాళిక (లక్షణాలను బట్టి ప్రజాతిని తేల్చే పట్టిక) ఆధారంగా ముందుకు వెళ్లాలి. లండన్ సహజ చరిత్ర మ్యూజియం సంచికల్లో 1979లో మార్షల్ ప్రచురించిన ప్రజాతుల సమీక్ష ఇప్పటికీ మొదటి మెట్టు.

నిజంగా కొత్తదేనా?

సమయమంతా ఇక్కడే పోతుంది. పోవాలి కూడా. ముందు అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం నుంచి నడిచే ట్రైకాప్టెరా ప్రపంచ జాబితాలో మీ ప్రజాతి కింద భారత్, శ్రీలంక, నేపాల్, మయన్మార్, థాయిలాండ్ జాతులన్నీ తీసుకోండి. ఒక్కోదాని మూల వర్ణన సంపాదించి, జననాంగాల బొమ్మలను ఒకే కాగితం మీదికి చేర్చండి. శ్రీలంకను వదిలేయకండి. 1958లో ఫెర్నాండ్ ష్మిడ్ అక్కడి క్యాడిస్‌ల మీద ఫ్రెంచిలో పెద్ద అధ్యయనం ప్రచురించారు. తూర్పు కనుమల పురుగు అందులో ఏనాడో పేరు పెట్టించుకుని ఉండవచ్చు. ఆగ్నేయాసియా జాతులను వందల్లో వర్ణించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్ మాలికీ రచనలూ చూడాలి. ఆయన వర్ణనలు పొట్టివి, చాలావరకు బొమ్మలే మాట్లాడతాయి.

పాత బొమ్మకూ మీ పురుగుకూ తేడా కనిపించగానే సంబరపడవద్దు. గత శతాబ్దంలో చాలా నమూనాలను బాల్సంలో గాజు పలకల మధ్య అతికించారు. అలా నొక్కినప్పుడు ఉపాంగాలు విచ్చుకుని వెడల్పుగా కనిపిస్తాయి. మీ గ్లిజరిన్ నమూనాలో అవి సహజంగా ముడుచుకుని ఉంటాయి. రెండూ ఒకే జాతివి కావచ్చు. పురుషాంగం లోపలికి లాక్కుని ఉన్నప్పుడు ఒక తీరుగా, బయటికి వచ్చినప్పుడు మరో తీరుగా కనిపిస్తుంది. అందుకే ఒక్క మగ పురుగుతో తృప్తిపడకుండా, దొరికినన్ని మగవాటిని తేటపరిచి, తేడా అన్నిటిలోనూ నిలకడగా ఉందో లేదో చూడాలి. అనుమానం తీరకపోతే పాత జాతి మూల నమూనా (ఆ పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిచిన పురుగు) ఉన్న మ్యూజియంకు ఉత్తరం రాసి ఫొటోలు అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది పంపుతారు.

658 అక్షరాల సీఓఐ బార్‌కోడ్ డీఎన్ఏ (జాతులను పోల్చడానికి వాడే ఒక జన్యువు ముక్క) ఉంటే ఆడ, మగ, డింభకాలను ఒకే జాతిగా జతచేయడానికి బాగా ఉపయోగపడుతుంది. డేటాబేస్‌లో సరిపోలినది ఏదీ దొరకలేదు కాబట్టి కొత్త జాతి అని వాదించడం మాత్రం చెల్లదు. వర్ణించిన జాతుల్లో చాలావాటికి బార్‌కోడ్ తీసినవారే లేరు.

విదేశీ నిపుణులకు ముందు బొమ్మలు, ఫొటోలు పంపండి. నమూనాలే పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తిస్తాయి.

బొమ్మలు

గీయడం రానివారు కూడా నేర్చుకోగల పని ఇది. మైక్రోస్కోపుకు గీత అద్దం (కనిపించే రూపాన్ని కాగితం మీద పడినట్టు చూపే పరికరం) ఉంటే నేరుగా, లేకపోతే వేర్వేరు లోతుల్లో ఫొటోలు తీసి, వాటిపై ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీయండి. ఎడమ పక్క, పైభాగం, కిందిభాగం, విడిగా పురుషాంగం. లోపలి భాగాలకు చుక్కల గీత. ప్రతి బొమ్మకూ కొలత గీత. కనిపించని వెంట్రుకను సౌష్ఠవం కోసం కలపకండి. మీ గద్యాన్ని మరిచిపోయినా తరువాతి వారు మీ బొమ్మను వాడతారు.

రాయడం

వ్యాసంలో గుండెకాయ వ్యవచ్ఛేదం. దగ్గరి జాతి ఏదో పేరుతో చెప్పి, దానికీ దీనికీ తేడా ఎక్కడో చెప్పే చిన్న పేరా అది. ఉదాహరణకు ఇలా ఉండాలి: 'ఫలానా జాతికి దగ్గరిది, నిమ్న ఉపాంగాలు పక్క నుంచి చూసినప్పుడు కొనలో చీలి ఉండటం, ఏడో ఖండపు పొడుపు ఆ ఖండంలో సగానికి మించి ఉండటం వల్ల దాని నుంచి వేరవుతుంది.' 'ఆకారంలో కొంత భిన్నంగా ఉంది' అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు.

తరువాత వర్ణన. క్రియలు లేకుండా, టెలిగ్రాము భాషలో, తల నుంచి జననాంగాల దాకా. తల ముందు నుంచి ముడిచిన రెక్కల కొన దాకా పొడవు, స్పర్శశృంగాల ఖండాల సంఖ్య, ముళ్ల సూత్రం, రంగు. ఎన్ని పురుగులను కొలిచారో చెప్పండి. ఆల్కహాల్‌లో రంగు వెలుస్తుంది కాబట్టి 'ఆల్కహాల్‌లో' అని స్పష్టంగా రాయాలి.

2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో ముద్రణ ప్రకారం, కొత్త పేరు చెల్లాలంటే అది కొత్తదని స్పష్టంగా ప్రకటించాలి, వేరుచేసే లక్షణాలు చెప్పాలి, మూల నమూనా ఏదో నిర్దేశించి అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో రాయాలి. హోలోటైపు అంటే ఒకే ఒక్క పురుగు, పేరుకు శాశ్వత సాక్షి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే చెక్కుచెదరని మగ పురుగును ఎంచుకోండి. మీరు పరిశీలించిన మిగతావి పారాటైపులు.

పేరు

పేరు లాటిన్ వ్యాకరణానికి లోబడాలి. చోటును బట్టి పెడితే హైడ్రోప్టిలా వంటి స్త్రీలింగ ప్రజాతికి మహేంద్రగిరియెన్సిస్ అని వస్తుంది. మగవారి గౌరవార్థం అయితే చివర ఐ (i) అక్షరం, ఆడవారి గౌరవార్థం అయితే ఏ, ఈ (ae) అక్షరాలు చేరతాయి. అదే ప్రజాతిలో ఆ పేరు ముందే లేదని జాబితాలో సరిచూడండి. సొంత పేరు పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించకపోయినా తోటివారు నవ్వుకుంటారు. దారి చూపించి రాత్రంతా తోడున్న సవర యువకుడి పేరు పెట్టాలనిపిస్తే, ముందు అతని సమ్మతి తీసుకోండి.

అప్పగింత, ప్రచురణ

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, దేశంలో కనుక్కున్న కొత్త జాతిని నిర్దేశిత సంగ్రహాలయానికి తెలియజేసి నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువులకు అది 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ, ప్రధాన కార్యాలయం కోల్‌కతా. గంజాం జిల్లా గోపాలపూర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి దక్షిణ ఒడిశావారు మొదట అక్కడ మాట్లాడవచ్చు. వ్యాసం పంపే ముందే నమోదు సంఖ్య తెచ్చుకుని అందులో రాయండి. హోలోటైపును బీరువాలో దాచుకునే అధ్యాపకులు ఇంకా ఉన్నారు. వారు పదవీ విరమణ చేశాక ఆ బీరువా ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పత్రికల్లో జూటాక్సా, జూకీస్, కోయంబత్తూరు నుంచి వెలువడే జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా ఇలాంటి వ్యాసాలు వేస్తాయి. డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి వెళ్లవద్దు. ఆన్‌లైన్‌లో మాత్రమే వెలువడే వ్యాసమైతే, ప్రచురణకు ముందే దాన్ని జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరు జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ ఆధారం వ్యాసంలోనే కనిపించాలి. 2012 నుంచి ఇది నియమం, ఇది లేకపోతే పేరు చెల్లదు. అప్పటిదాకా కొత్త పేరును విలేకరులకు గానీ సదస్సు పోస్టర్లకు గానీ ఇవ్వకండి. జిల్లా పేజీలో వార్త రెండు వారాలు ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు.

ప్రచురణ అయ్యాక ప్రతిని ప్రపంచ జాబితా నిర్వాహకులకు, అనుమతి ఇచ్చిన అటవీ శాఖకు, జీవవైవిధ్య మండలికి పంపండి. పక్కన పెట్టిన ఆడ పురుగులు, డింభకాలు ఉన్న సీసాల్లో ఆల్కహాల్ తగ్గిందేమో చూసి నింపండి. మగ పురుగుతో వాటి జత కుదిరితే రెండో వ్యాసానికి సరుకు సిద్ధంగా ఉన్నట్టే.